ఇంట్రాన్లు జన్యువుల్లోకి ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇంట్రాన్లు, అంటే జన్యువు మధ్యలో ఉండి, దాని ఆర్‌ఎన్‌ఏ నకలు నుంచి కత్తిరించి తీసేసే భాగాలు, జీవం పుట్టినప్పటి నుంచీ ఉన్నాయా, తర్వాత వచ్చి చేరాయా అని అడిగారు. మన జన్యువుల్లోని ఇంట్రాన్లు తర్వాత వచ్చి చేరినవేనని, వాటి మూలం బ్యాక్టీరియాలో ఉందని నేను నమ్ముతున్నాను.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు రోజుల్లో వరి ఆకుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, దానిని సీడీఎన్‌ఏగా (ఆర్‌ఎన్‌ఏ నుంచి తయారుచేసిన డీఎన్‌ఏ ప్రతిగా) మార్చి ఆక్టిన్ జన్యువుకు పీసీఆర్ (ఒక డీఎన్‌ఏ భాగాన్ని ఎన్నో ప్రతులు చేసే పద్ధతి) చేస్తే, డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద ఒక్క బ్యాండు రావలసిన చోట రెండు వచ్చాయి. కిందిది నేను అనుకున్న పొడవులోనే ఉంది. పైది, నమూనాలో మిగిలిపోయిన డీఎన్‌ఏ నుంచి ఇంట్రాన్‌తో సహా వచ్చినది. ఆ రెండింటి మధ్య ఎడమే ఇంట్రాన్ పొడవని తెలిసిన రోజు నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

1977లో రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్ బృందాలు అడినోవైరస్‌లో ఇలా మధ్య మధ్య తెగిన జన్యువులను కనుగొన్నాయి. మరుసటి ఏడాది 'ఇంట్రాన్' అని పేరు పెట్టిన వాల్టర్ గిల్బర్ట్, ఆదిమ కాలపు చిన్న జన్యు ముక్కలను కలిపిన అతుకులే ఇవని ఆ తర్వాత వాదించారు. ఆలోచన అందమైనదే గానీ, బ్యాక్టీరియా ప్రోటీన్ జన్యువుల్లో మన జన్యువుల్లో ఉన్నటువంటి ఇంట్రాన్లు లేకపోవడం దానికి పెద్ద అడ్డంకి.

నన్ను ఒప్పించినది రసాయన చర్య. బ్యాక్టీరియాలోనూ మైటోకాండ్రియాలోనూ ఉండే రెండవ వర్గపు ఇంట్రాన్లు తమను తామే కత్తిరించుకోగలవు: ఇంట్రాన్ లోపలి అడినోసిన్ అనే ఒక ఆర్‌ఎన్‌ఏ అక్షరం ఆ ఇంట్రాన్ మొదటి కొసను తెంచి తనకు అతికించుకోగా ఉచ్చు ఏర్పడుతుంది, ఆపై ఇంట్రాన్‌కు అటూ ఇటూ ఉండే జన్యు భాగాలైన రెండు ఎక్సాన్లు కలుస్తాయి. మన కణాల్లో ఇంట్రాన్లను కత్తిరించే యంత్రాంగమైన స్ప్లైసోసోమ్ చేసేదీ అచ్చంగా ఇదే. పైగా స్ప్లైసోసోమ్ నడిబొడ్డున ఉండే పీఆర్‌పీ8 ప్రోటీన్, ఆ ఇంట్రాన్లు తయారుచేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను (ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏను తయారుచేసే ఎంజైమును) పోలి ఉంటుంది. మైటోకాండ్రియాగా మారిన బ్యాక్టీరియాతో పాటు ఇవి ఆతిథేయ కణంలోకి వచ్చి, దాని జన్యువుల్లోకి దూకి, క్రమంగా ముక్కలై సొంత కత్తెరను పోగొట్టుకున్నాయన్న వివరణ అందుకే నాకు బలంగా తోస్తుంది.

తర్వాత వచ్చాయంటే నిన్న మొన్న వచ్చాయని కాదు. మనిషిలోనూ ఆరబిడాప్సిస్ మొక్కలోనూ అనేక జన్యువుల్లో సరిగ్గా ఒకే స్థానాల్లో ఇంట్రాన్లు ఉన్నాయి కాబట్టి, వాటిలో చాలావరకు మొక్కలు, జంతువులు విడిపోకముందే చేరి ఉండాలి. సుమారు 6,000 జన్యువులున్న బేకరీ ఈస్ట్‌లో ఇప్పుడు 300 దాకా మాత్రమే ఇంట్రాన్లు ఉండటానికి కారణం, దాని పూర్వీకుల్లో ఉన్నవాటిలో అత్యధికం తర్వాతి కాలంలో పోవడమే.