మామిడి ఆకుపై మసి పోవాలంటే ముందు పురుగును పట్టుకోండి

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా రాయికల్ మండలం. నాలుగెకరాల్లో పద్దెనిమిదేళ్ల బంగినపల్లి తోట ఉంది. ఈసారి పూత బాగానే వచ్చింది. కానీ ఆకులన్నీ మసి పట్టినట్టు నల్లబడ్డాయి, పూత మాడి రాలుతోంది. తెగులనుకొని బూజు మందు రెండుసార్లు కొట్టినా నలుపు పోలేదు. ఏం చేయాలి? – ఒక రైతు

జవాబు: మీరు రాసిన లక్షణాలు తేనెమంచు పురుగువి. ఇది లేత ఆకుల్లో, పూగుత్తుల్లో రసం పీల్చి తియ్యటి జిగటను వదులుతుంది. కింది ఆకుల మీద పడిన ఆ జిగటపైనే మసి బూజు పెరుగుతుంది. బూజు ఆకు లోపలికి దిగదు, పైపైన పొరలా ఉంటుంది. పురుగు బతికున్నంత కాలం ఎన్ని బూజు మందులు కొట్టినా మసి మళ్లీ కడుతూనే ఉంటుంది. ఇక మీ డబ్బు అటు పెట్టకండి.

అయినా నా మాట మీదే మందు కొనవద్దు. ముందు చెట్టు కిందికి వెళ్లి ఒక పూగుత్తిని కదిపి చూడండి. తల వైపు వెడల్పుగా, వెనక సన్నగా ఉండే బూడిద, గోధుమ రంగు చిన్న పురుగులు చిటుక్కున ఎగిరి ముఖానికి తగిలితే అది తేనెమంచు పురుగే. పిల్ల పురుగులు పూకాడల మీద అడ్డంగా పరుగెత్తుతాయి. కదలకుండా తెల్లటి దూదిలా అంటుకొని ఉంటే మాత్రం అది పిండినల్లి, దాని సంగతి వేరు. మామిడి ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టు కాబట్టి, పూత లేని కాలంలోనూ ఈ పురుగు మొదలు బెరడు పగుళ్లలో, గుబురు కొమ్మల నీడలో దాక్కొని ఉంటుంది. అక్కడా వెతకండి.

పూమొగ్గలు ఇంకా విచ్చుకోకపోతే లీటరు నీటికి ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. 0.3 మి.లీ. కలిపి వెంటనే పిచికారీ చేయండి. 500 లీటర్ల ట్యాంకుకు 150 మి.లీ. సరిపోతుంది. పూతతో పాటు మొదలు, లావు కొమ్మలు కూడా తడవాలి. చాలామంది పైపైన కొట్టి ఇక్కడే నష్టపోతున్నారు.

పూత పూర్తిగా విచ్చుకొని ఉంటే దయచేసి ఆగండి. ఈ మందు తేనెటీగలకు విషం. ఈగలు, తేనెటీగలు పూత మీద వాలితేనే పిందె కడుతుంది. పిందెలు బఠాణీ గింజంత అయ్యాక బుప్రోఫెజిన్ 25 ఎస్.సి. లీటరుకు 2 మి.లీ. చొప్పున కొట్టండి. ఇది పిల్ల పురుగుల మీద బాగా పనిచేస్తుంది. ఒకే మందును మళ్లీ మళ్లీ వాడితే పురుగు తట్టుకుంటుంది కాబట్టి మార్చి వాడాలి.

పురుగు తగ్గాక, పూత కాలం దాటిన తర్వాత, ఆకుల మీద మసికి గంజి పిచికారీ చాలు. 2 కిలోల గంజి పొడిని కొద్ది నీటిలో ఉడికించి, 100 లీటర్లకు పలుచన చేసి ఎండ ఉన్న రోజు కొట్టండి. ఎండిన గంజి పెచ్చులుగా ఊడుతూ మసిని కూడా లాక్కెళుతుంది.

అసలు మీ తోటలో కొమ్మలు ఒకదానికొకటి కలిసిపోయాయేమో చూసుకోండి. ఆ వయసు తోటల్లో ఇది మామూలే. కాయ కోత అయిన వెంటనే, జూన్, జూలైలో, చెట్టు మధ్యలోని ఎండు కొమ్మలు, గుబురు కొమ్మలు తీసేసి లోపలికి ఎండ పడేలా చేయండి. నరికిన పెద్ద కొమ్మల చివర్లకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం నీటిలో కలిపిన ముద్ద) పూయాలి.