అమెరికా క్యాంపస్‌లో నల్లజాతి విద్యార్థుల ఉద్యమం వస్తే చుట్టూ ఉన్నవాళ్లు నిజంగా ఏమనుకుంటారు? మన తెలుగువాళ్లు ఏమంటారు?

2015లో నేను కొలంబియాలో, యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరీలో స్టాటిస్టిక్స్ ఎంఎస్ చేస్తూ టీఏగా, అంటే క్లాసుల్లో ప్రొఫెసర్‌కి సాయం చేసే టీచింగ్ అసిస్టెంట్‌గా ఉన్నాను. ఆ ఏడాది అక్కడ జరిగిన గొడవ దేశమంతా టీవీల్లో వచ్చింది. కాబట్టి ఈ ప్రశ్నకు నేను చూసిందీ విన్నదీ రాస్తాను. ముందే ఒప్పుకుంటున్నానండీ, మొదటి నెల రోజులు నాకు దాని మీద ఏ అభిప్రాయమూ లేదు. అసైన్‌మెంట్లు దిద్దడం, అన్నం వండుకోవడం, అమ్మకి ఫోన్ చేయడం, అంతే.

కొలంబియా సెయింట్ లూయిస్‌కీ కాన్సస్ సిటీకీ మధ్యలో ఉండే చిన్న ఊరు. విద్యార్థులు దాదాపు 35 వేలు, అందులో నల్లజాతివాళ్లు నూటికి ఏడెనిమిది మంది. మైకేల్ బ్రౌన్ అనే కుర్రాణ్ని 2014 ఆగస్టులో పోలీసు కాల్చి చంపిన ఫెర్గూసన్ అక్కడికి కారులో రెండు గంటల దూరం. మా క్యాంపస్‌లో చాలామంది నల్లజాతి పిల్లలది సెయింట్ లూయిస్ చుట్టుపక్కలే. మాకు అది వార్త, వాళ్లకు సొంత ఊరి సంగతి. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

2015 సెప్టెంబరులో విద్యార్థి సంఘం అధ్యక్షుడు పేటన్ హెడ్ ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టాడు. తను నడిచి వెళ్తుంటే ట్రక్కులో పోతున్నవాళ్లు జాతి పేరుతో బూతులు అరిచారని. సంఘం అధ్యక్షుడికే ఇలా అయిందా అని కొంతమంది ఆశ్చర్యపోయారు. నా సెక్షన్‌లోని నల్లజాతి పిల్లలు మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు.

అక్టోబరు 10న హోమ్‌కమింగ్ ఊరేగింపు. అంటే పాత విద్యార్థులంతా వచ్చే పండగ, మన తిరునాళ్ల లాంటిది. చాక్లెట్లు విసురుతారని నేనూ నా రూమ్మేట్లూ వెళ్లాం. మధ్యలో ఊరేగింపు ఆగిపోయింది. ఎందుకో మాకు కనపడలేదు. పదకొండు మంది నల్లజాతి విద్యార్థులు యూనివర్సిటీ ప్రెసిడెంట్ టిమ్ వుల్ఫ్ కారుకి అడ్డంగా నిలబడి, ఆ యూనివర్సిటీలో నల్లజాతివాళ్లకు ఏ సంవత్సరంలో ఏం జరిగిందో ఒక్కొక్కరే మైకులో చెబుతున్నారట. ఆయన కారు దిగలేదు, ఒక్క మాటా మాట్లాడలేదు. చివరికి పోలీసులు వాళ్లని పక్కకు జరిపారు. నా పక్కనున్న పెద్దావిడ, "చిన్నపిల్లలు చూసే ఊరేగింపులోనా ఇవన్నీ?" అని విసుక్కుంది. మా నెల్లూరు రూమ్మేట్ నవ్వి "రాస్తారోకో ఇక్కడ కూడా ఉందే" అంది. మేమూ నవ్వాం. ఆరోజు మాది ఆ పెద్దావిడ అభిప్రాయమే అనుకోండి.

ఆ పదకొండు మంది తమ బృందానికి 'కన్సర్న్డ్ స్టూడెంట్ 1950' అని పేరు పెట్టుకున్నారు. ఆ యూనివర్సిటీలో నల్లజాతివాళ్లను మొదటిసారి చేర్చుకున్న సంవత్సరం 1950. అంతకు ముందు లాయిడ్ గెయిన్స్ అనే ఆయన లా కాలేజీ సీటు కోసం సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1938లో కేసు గెలిచాడు. మరుసటి ఏడాది షికాగోలో కనిపించకుండా పోయాడు, ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. క్యాంపస్‌లో బ్లాక్ కల్చర్ సెంటర్‌కి ఆయన పేరు ఉంది. నేను వారానికి నాలుగుసార్లు దాని ముందునుంచి నడిచాను. గెయిన్స్ ఎవరో గూగుల్ చేసింది మాత్రం నవంబరులో.

వాళ్ల డిమాండ్లు ఎనిమిది. వుల్ఫ్ క్షమాపణ చెప్పి దిగిపోవాలి, నల్లజాతి అధ్యాపకులు, సిబ్బంది పది శాతానికి పెరగాలి, జాతి వివక్ష గురించి అందరూ తప్పనిసరిగా చదివే కోర్సు ఉండాలి, ఇలాంటివి. నవంబరు 2న జొనాథన్ బట్లర్ అనే గ్రాడ్యుయేట్ విద్యార్థి, వుల్ఫ్ దిగిపోయేదాకా తిననని నిరాహారదీక్షకు కూర్చున్నాడు. కార్నహాన్ క్వాడ్ అనే పచ్చిక మైదానంలో టెంట్లు వెలిశాయి.

అభిప్రాయాలు నిజంగా బయటపడింది అప్పుడే. తెల్లజాతి క్లాస్‌మేట్లు దీక్ష అనగానే హడలిపోయారు. "ఇది బ్లాక్‌మెయిల్ కదా" అని ఒకడు, "అతను చచ్చిపోతే?" అని ఇంకొకామె. మా అపార్ట్‌మెంట్‌లో అంత కంగారేం లేదు. మనకు దీక్షలు కొత్తా? పొట్టి శ్రీరాములు 58 రోజులు చేసి ప్రాణమే వదిలితే గానీ రాష్ట్రం రాలేదు. "వారం రోజులకే ప్రెసిడెంట్ దిగిపోతాడా, ఇదేమైనా సినిమానా" అని మేం లెక్కలు వేసుకున్నాం.

మిస్సోరీ పల్లెటూరి నుంచి వచ్చిన తోటి టీఏ ఒకడుండేవాడు, చాలా మంచివాడు, నాకు కారు నడపడం నేర్పింది అతనే. "నాలుగేళ్లుగా ఇక్కడున్నాను, నేనెప్పుడూ వివక్ష చూడలేదు" అన్నాడు. అబద్ధమాడట్లేదు. అతను నిజంగానే చూడలేదు. ఆ క్యాంపస్‌లో నేను ఎక్కువగా విన్న అభిప్రాయం ఇదే: ద్వేషం కాదు, 'నాకు కనపడలేదు' అనడం. ప్రెసిడెంట్ కూడా సుమారుగా ఇదే మాట అన్నాడు. కాన్సస్ సిటీలో విద్యార్థులు చుట్టుముట్టి వ్యవస్థాగత అణచివేత అంటే ఏంటో చెప్పమంటే, మీకు సమానావకాశం ఉందని మీరు నమ్మకపోవడం వల్లే అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. ఆ వీడియో చూశాక అప్పటిదాకా మధ్యలో ఉన్నవాళ్లు కూడా కొందరు ఉద్యమం వైపు జరిగారు.

ప్రొఫెసర్ల సంగతి వేరు. కొందరు టెంట్ల దగ్గరికే వెళ్లి కూర్చున్నారు, క్లాసులు ఆపి వాకౌట్‌కి పిలుపిచ్చారు. ఇంకొందరికి జాతి విషయం కన్నా పాలన మీద కోపం ఎక్కువ. అక్కడ మన వీసీ లాంటి పదవి ఛాన్సలర్‌ది, నాలుగు క్యాంపస్‌లకూ కలిపి పైన ఉండేది ప్రెసిడెంట్. ఛాన్సలర్‌ని తొలగించమని తొమ్మిది మంది డీన్లు బోర్డుకి లేఖ రాశారు. వాళ్ల కారణాలు వేరు, టెంట్లలో వాళ్ల కారణాలు వేరు. బయటినుంచి చూస్తే అంతా ఒకటే ఉద్యమంలా కనిపించింది.

మా అంతర్జాతీయ విద్యార్థులకూ ఒక కారణం ఉంది. ఆగస్టు 14న వచ్చిన మెయిల్‌లో, కేంద్ర ఆరోగ్య చట్టం నిబంధనల వల్ల గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లకు హెల్త్ ఇన్సూరెన్స్ సాయం ఆగిపోతుందని ఉంది. వారంలోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు గానీ ఆ వారం మాకు నిద్రల్లేవు. బట్లర్ రాసిన లేఖలో ఆ ఇన్సూరెన్స్ సంగతి కూడా ఉంది. "మన గురించి కూడా రాశాడే" అని మావాళ్లు మొదటిసారి అతని పేరు పలికింది అందుకే.

నాకు కళ్లు తెరిపించింది మాత్రం పది నిమిషాల ఆఫీస్ అవర్. నా సెక్షన్‌లో సెయింట్ లూయిస్ అమ్మాయి ఒకామె ఉండేది. దీక్ష మూడో రోజో నాలుగో రోజో, స్టాండర్డ్ డీవియేషన్‌లో డౌట్ అడగడానికి వచ్చింది. రాత్రంతా టెంట్‌లో ఉందట. చేతులు గడ్డకట్టి పెన్ను సరిగ్గా పట్టుకోలేకపోతోంది. కాగితం మీద కాఫీ మరక. నేను తెలివితక్కువగా "అసలు మీకేం కావాలి?" అని అడిగాను. తను కాసేపు నన్ను చూసి, "నువ్వు రాత్రి పూట లైబ్రరీ నుంచి ఇంటికెలా వెళ్తావ్?" అంది. నడిచి అన్నాను. "వెనక ట్రక్కు శబ్దం వినిపిస్తే?" అంది. ఏముంటుంది, పక్కకు జరుగుతాను అన్నాను. తను చిన్నగా తలూపి, ఎన్ మైనస్ వన్‌తో ఎందుకు భాగించాలో మళ్లీ అడిగింది. అంతకు మించి ఒక్క ముక్క వాదించలేదు. అసైన్‌మెంట్ టైముకే ఇచ్చింది.

ఆ రాత్రి నేను ఇంటికి నడుస్తుంటే వెనక ట్రక్కు వచ్చింది. దాని దారిన అది పోయింది. కానీ ఆ చప్పుడు విన్నాను.

నవంబరు 7న ఫుట్‌బాల్ జట్టులోని నల్లజాతి ఆటగాళ్లు, ముప్పై మందికి పైగా, వుల్ఫ్ దిగిపోయేదాకా ఆడం అన్నారు. మర్నాడు కోచ్ గ్యారీ పింకెల్ జట్టంతా కలిసి ఉన్న ఫోటో పెట్టి వాళ్ల వెంట ఉన్నామన్నాడు. ఆ వారం మ్యాచ్ మానేస్తే యూనివర్సిటీకి పది లక్షల డాలర్ల నష్టం. 9న వుల్ఫ్ రాజీనామా చేశాడు, సాయంత్రానికి ఛాన్సలర్ కూడా తప్పుకుంటానన్నాడు. మనిషి వారం రోజులు తిండి మానేస్తే కదలనివాళ్లు, ఆట ఆగుతుందంటే రెండు రోజుల్లో కదిలారు. ఉద్యమాన్ని ఇష్టపడేవాళ్లూ ఇష్టపడనివాళ్లూ ఏకీభవించిన మాట ఇదొక్కటే, కాకపోతే ఒకరు ఏడుస్తూ అన్నారు, ఇంకొకరు వెక్కిరిస్తూ అన్నారు.

అదే రోజు టెంట్ల దగ్గర ఫోటోలు తీస్తున్న విద్యార్థి ఫోటోగ్రాఫర్‌ని అడ్డుకున్నారు. మెలిస్సా క్లిక్ అనే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంకో కెమెరా కుర్రాణ్ని బయటికి పంపడానికి కండబలం ఉన్నవాళ్లని పిలిచింది. జర్నలిజం స్కూలుకి పేరుపడ్డ యూనివర్సిటీలో ఇదేంటని మద్దతుదార్లే తలపట్టుకున్నారు. నాకూ అది తప్పే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాతి ఫిబ్రవరిలో ఆమె ఉద్యోగం పోయింది.

10వ తేదీ రాత్రి ఇంకో కథ. పేరు చెప్పకుండా రాసుకునే యిక్‌యాక్ యాప్‌లో, కనపడిన నల్లజాతివాళ్లని కాల్చేస్తానని ఎవడో పెట్టాడు. పుకార్లు గుప్పుమన్నాయి. క్లాన్‌వాళ్లు, అంటే నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ ముఠావాళ్లు, క్యాంపస్‌లోకి వచ్చారని పేటన్ హెడ్ కూడా పోస్టు పెట్టి, అది నిజం కాదని తేలాక క్షమాపణ చెప్పాడు. బెదిరించిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు తెల్లారేసరికి రోలా అనే ఊళ్లో దొరికాడు. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి "ఎవరూ బయటికి రాకండి, చీకట్లో వాళ్లకి మనకీ తేడా ఏం తెలుస్తుంది" అని మెసేజ్. అదే గ్రూపులో సెప్టెంబరులో కొత్తగా వచ్చిన జూనియర్లకు "ఆ ఏరియాలో ఇల్లు తీసుకోకండి, కాలూలు ఉంటారు" అని సలహా ఇచ్చింది కూడా మేమే. కాలూలంటే నల్లజాతివాళ్లని మనవాళ్లు చులకనగా పిలిచే పేరు. ఆ మాటకి నేను నవ్వే బొమ్మ పెట్టాను. పైకి జరిపి చూస్తే ఇంకా ఉంది.

మర్నాడు నా సెక్షన్‌కి ఇరవై ఎనిమిది మందికి ఆరుగురు వచ్చారు. నల్లజాతి పిల్లలు ఒక్కరూ రాలేదు.

ఆ తర్వాత ఎవరి అభిప్రాయం ఎటు గట్టిపడిందో అంకెల్లోనే కనిపించింది. రెండేళ్లలో మొదటి సంవత్సరం అడ్మిషన్లు 35 శాతానికి పైగా పడిపోయాయి, ఏడు హాస్టళ్లు తాత్కాలికంగా మూశారు. యూనివర్సిటీ లొంగిపోయిందని కోపం వచ్చిన తల్లిదండ్రులు కొందరు, అక్కడ మా పిల్లలకు భద్రత లేదనుకున్నవాళ్లు కొందరు. నాకు కారు నేర్పిన స్నేహితుడు "చూశావా, ఏం సాధించారు" అన్నాడు. టెంట్‌లో పడుకున్న అమ్మాయి మాత్రం ఆ మే నెలలో డిగ్రీ తీసుకుంది, వాళ్లింట్లో మొదటి డిగ్రీ అట.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. ఎక్కువమంది మాట ఒకటే: "వచ్చిన పనేదో చూసుకో, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాం, మనకెందుకీ గొడవలు." ఆ భయం ఉత్తిది కాదు, లోను తెచ్చుకుని వచ్చినవాళ్లం. అయినా వుల్ఫ్ దిగిపోయాక టెంట్ల ముందు ఫోటోలు దిగి పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. గ్రూపులో రెండు వందల మెసేజ్‌లు నడిచాయి, ఎవరూ ఎవర్నీ ఆపలేదు.

రెండు నెలలు తిరిగాయి. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. అతనితో సహా హాస్టల్ నుంచి వెలేసిన ఐదుగురు దళిత విద్యార్థులు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర వేసుకున్న టెంట్ ఫోటో వచ్చింది, దానికి వాళ్లు పెట్టుకున్న పేరు వెలివాడ. ఎప్పుడూ ఏమీ రాయని గుంటూరు కుర్రాడొకడు ఆ ఫోటోనీ, కార్నహాన్ క్వాడ్ ముందు మావాళ్లు దిగిన ఫోటోనీ పక్కపక్కన పెట్టి గ్రూపులో వేశాడు. కింద ఏమీ రాయలేదు.

ఐదు నిమిషాలు ఎవరూ పలకలేదు. తర్వాత అడ్మిన్ అన్నయ్య మెసేజ్ వచ్చింది: "ఫ్రెండ్స్, ఇది రూమ్స్, రైడ్స్, కోర్సుల కోసం పెట్టుకున్న గ్రూప్. దయచేసి పాలిటిక్స్ వద్దు." వరసగా బొటనవేళ్లు పడ్డాయి. గుంటూరు కుర్రాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నేను ఆ బొటనవేలు పెట్టలేదు, అతనికి ఫోన్ కూడా చేయలేదు.