ఏడింటిలో ఏది?

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా కుక్కపిల్లల గురించే. ఒకే మాట అడిగినవాటిని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న (కర్నూలు): తెలిసినవాళ్ల ఇంట్లో ల్యాబ్రడార్ ఈనింది. ఏడు పిల్లలు. ఈ ఆదివారంతో 50 రోజులు నిండుతాయి. మేం వెళ్ళగానే ఒకటి పరుగున వచ్చి నా చెప్పు పట్టుకు లాగింది. ఇంకొకటి మూల నుంచి కదల్లేదు. దాన్ని చూసి మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంట్లో ఆరేళ్ళ, పదేళ్ళ పిల్లలు, మా అత్తగారు ఉంటారు. చెప్పు లాగినదే మమ్మల్ని ఎంచుకుందని మావారు అంటున్నారు. ఏది తెచ్చుకోమంటారు?

జవాబు: మీవారి మాట వినడానికి బాగుంది గానీ, ఆ గుమ్మంలోకి ఎవరొచ్చినా అది వాళ్ల చెప్పే లాగుతుంది. ఏడింటిలో దూకుడు దానిదే. రోజూ గంట, గంటన్నర దానికోసం కేటాయించి నేర్పగలిగే ఇంట్లో అది చక్కగా ఎదుగుతుంది. మీ ఇంట్లో ఆరేళ్ళ పిల్ల గౌను పట్టుకు లాగుతుంది, గోడ పట్టుకు నడిచే పెద్దావిడ కాళ్ళ మధ్య దూరుతుంది. మూలనున్నదాన్ని జాలిపడి తెచ్చుకోవద్దు. అది కడుపునిండా తాగి మత్తుగా ఉందో, జ్వరంగా ఉందో, పుట్టుకతోనే పిరికిదో ఒక్కసారి చూస్తే తెలియదు. అందుకే రెండుసార్లు వెళ్ళండి, రెండో రోజు మరో వేళకి. మీకు కావలసింది బహుశా మిగిలిన ఐదింటిలో ఉంది.

పిల్లలకంటే ముందు తల్లిని చూడండి. ఏడు పిల్లలకి పాలిచ్చిన తల్లి చిక్కి, బొచ్చు రాలి, పొదుగు జారి ఉండడం మామూలే. దాని తీరు చూడాలి. కొత్తవాళ్ళని చూసి ఒకసారి గుర్రుమన్నా, యజమాని పక్కనుంటే రెండు నిమిషాల్లో సర్దుకుంటే సరే. సర్దుకోక, వణుకుతూనో పళ్ళు బయటపెడుతూనో ఉంటే పిల్లలు ఎంత ముద్దుగా ఉన్నా ఆలోచించండి. పిరికితనంలో కొంత తల్లి పోలిక, కొంత దాన్ని చూసి నేర్చుకున్నది. తండ్రి సాధారణంగా ఆ ఇంట్లో ఉండదు. ఎవరిదో కనుక్కోండి. ల్యాబ్రడార్‌లకి తుంటి కీలు సరిగ్గా కుదరని జబ్బు వంశంలో వస్తుంది, 50 రోజుల పిల్లలో అది బయటపడదు. తల్లికీ తండ్రికీ తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడగండి. చాలామంది తీయించరు, అయినా అడగండి. కెన్నెల్ క్లబ్ (జాతి కుక్కల వంశాన్ని నమోదు చేసే సంస్థ) కాగితం వంశం ఏమిటో చెబుతుంది, ఆరోగ్యం సంగతి చెప్పదు.

తర్వాత నేల చూడండి. ఏడింటిలో ఏ ఒక్కదానికి నెత్తురు విరేచనాలున్నా మొత్తం ఈతనే వదిలేసి రండి. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల వైరస్) సోకిన నాలుగైదు రోజుల దాకా పిల్ల హాయిగా ఆడుతూనే ఉంటుంది. మీరు ఏరుకున్న ఆరోగ్యమైన పిల్ల మీ ఇంటికొచ్చాక పడకేస్తుంది.

ఇప్పుడు ఒక్కొక్క పిల్లనీ అది ఎరగని గదిలోకి తీసుకెళ్ళండి. గుంపులో ఒకదాన్ని చూసి ఒకటి ఆడతాయి గనక అసలు స్వభావం తెలియదు. కింద కూర్చుని పిలవండి. కాస్త తటపటాయించి తోక ఊపుతూ వస్తే మంచిదే. లేచి నడిస్తే వెంట రావాలి. కాగితం ఉండ చేసి మూడడుగుల దూరం విసరండి. వెళ్ళి పట్టుకుని మీ వైపు తిరిగిందంటే రేపు నేర్పడం తేలిక. ఆరడుగుల దూరంలో స్టీలు మూత ఒకటి గచ్చు మీద జారవిడవండి. ఉలిక్కిపడడం తప్పు కాదు. పది సెకన్లలో తేరుకుని మూత దగ్గరికి వెళ్ళి వాసన చూసిందా, లేదా అన్నదే లెక్క. మంచం కిందికి దూరి ఇక బయటికి రాని పిల్ల దీపావళికి ఏం చేస్తుందో ఊహించుకోండి. చివరగా పసిబిడ్డని పడుకోబెట్టినట్టు ఒళ్ళో వెల్లకిలా అర నిమిషం పట్టుకోండి. గింజుకుని, తర్వాత ఒళ్ళు వదిలేసేది పిల్లలున్న ఇంటికి నప్పుతుంది. అర నిమిషమంతా కొరుకుతూ అరిచేదీ, కొయ్యలా బిగుసుకుపోయేదీ రెండూ మీకొద్దు. ఏడో వారంలో చేసే ఈ పరీక్షలు పెద్దయ్యాక కుక్క ఎలా ఉంటుందో చెప్పలేవు. రెండు కొసల్లో ఉన్నవాటిని పక్కన పెట్టడానికి పనికొస్తాయి, అంతే.

ఒళ్ళో ఉండగానే ఒళ్ళంతా చూసేయండి. పై పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకి రావాలి. చిగుళ్ళు మొదటినుంచే పాలిపోయి ఉంటే కడుపులో కొంకిపురుగులో, ఒంటిమీద పిడుదులో నెత్తురు తాగేస్తున్నాయని అనుమానించాలి. పక్కటెముకలు కనబడుతూ పొట్ట మాత్రం డోలులా ఉంటే అది పుష్టి కాదు, ఏలికపాములు. ఇవి తల్లి కడుపులో ఉండగానే పిల్లలకి చేరతాయి, అందుకే నట్టల మందు రెండో వారం నుంచే పట్టాలి. బొడ్డు దగ్గర శనగగింజంత మెత్తటి బుడిపె ఉండి, నొక్కితే లోపలికి పోతుంటే హెర్నియా. చిన్నదైతే తరచుగా దానంతటదే పూడుకుంటుంది, పెద్దదైతే ఆపరేషన్. చెవిలో కాఫీపొడిలాంటి నల్లటి మురికి ఉంటే చెవి పురుగు. తోక కింద వెంట్రుకలు అంటుకుపోయి ఉండకూడదు. మగపిల్లయితే రెండు వృషణాలూ చేతికి తగలాలి. ఒకటే తగిలితే వదులుకోనక్కర్లేదు గానీ ఆర్నెల్లకి మళ్ళీ చూపించాలి, కడుపులో ఉండిపోయిన దానికి పెద్దయ్యాక కణితి వచ్చే ప్రమాదం ఎక్కువ. గుండె చప్పుడు మాత్రం డాక్టరే వినాలి. తెచ్చిన రెండు రోజుల్లో చూపిస్తామనీ, తేడా ఉంటే వెనక్కి తీసుకోవాలనీ ముందే మాట్లాడుకోండి.

ఎంచుకోవడానికి 50వ రోజు మంచి సమయమే. ఇంటికి తేవడానికి మాత్రం ఇంకో వారం ఆగండి.

ప్రశ్న (విజయవాడ): అమ్మే ఆయన పిల్లకి 45 రోజులంటున్నాడు. అరచేతిలో ఇమిడిపోతోంది. తల్లి ఊళ్ళో ఉందట, పిల్లని బస్టాండుకి తెచ్చిస్తానంటున్నాడు. వయసు మనం తెలుసుకోగలమా?

జవాబు: నోరు తెరిపించండి. నాలుగు వారాలప్పుడు ముందరి చిన్న పళ్ళు, కోరలు చిగుళ్ళలోంచి పొడుచుకొస్తుంటాయి, వెనక పళ్ళు ఉండవు. ఎనిమిది వారాలకి పైన 14, కింద 14, మొత్తం 28 పాలపళ్ళూ ఉంటాయి. వెనక చిగుళ్ళు వేలికి నున్నగా తగిలితే అది నెల పిల్ల. నడక ఇంకా తూలుతూ ఉన్నా అదే అర్థం.

అసలు ఈ 45 రోజుల లెక్క మన దగ్గర ఎలా పాతుకుపోయిందో గానీ, అదే తప్పు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం 8 వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లని అమ్మకూడదు. ఒక తల్లికి ఏడాదికి ఒకే ఈత, జన్మలో ఐదు ఈతలకి మించి వేయించకూడదని కూడా అందులోనే ఉంది. అమ్మేవాళ్ళు ముందే వదిలించుకునేది ఖర్చు చూసుకునే. ఆరో వారం నుంచి పిల్లలు తల్లి పాలకంటే ఎక్కువగా వీళ్ళు పెట్టే తిండి మీద ఆధారపడతాయి. ఆ వారాల్లోనే అవి ఒకదాన్నొకటి కొరుక్కుంటూ, గట్టిగా కొరికితే ఎదుటిది కుయ్యిమని ఆట మానేయడం చూసి, పంటి పట్టు ఎంతవరకు ఉండాలో నేర్చుకుంటాయి. ముందే విడదీస్తే ఆ పాఠం మీ చేతుల మీద నేర్చుకుంటుంది.

టీకా పుస్తకం చూపిస్తే తేదీ పక్కన సీసా మీది స్టిక్కరు, డాక్టరు సంతకం, ముద్ర ఉన్నాయో లేదో చూడండి. పెన్నుతో టిక్కు పెట్టింది సాక్ష్యం కాదు. బస్టాండు బేరం మాత్రం వద్దు. తల్లిని చూపించనివాడు దేన్నో దాస్తున్నాడు.

ప్రశ్న (చిత్తూరు): రాజపాళయం జాతి పిల్ల కొనబోతున్నాం. తెల్లగా, ముక్కు గులాబీ రంగులో ఉన్నదే మేలురకం అంటారు. వాటికి చెవుడు ఉంటుందని కూడా విన్నాం. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: చెవుడు గురించి విన్నది నిజమే. ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో వినికిడి కణాలని కూడా కాపాడతాయి. అవి లేనిచోట పుట్టిన కొన్ని వారాల్లోనే వినికిడి పోతుంది. డాల్మేషియన్ జాతి కుక్కల్లోనూ ఇదే తంతు. పిల్లని తోబుట్టువుల నుంచి వేరుచేసి చూడండి. చెవిటిది పక్కవాటిని చూసి తల తిప్పేస్తుంది, మనం వింటోందనుకుంటాం. అది అటు తిరిగి ఉండగా వెనక నుంచి తాళాల గుత్తి ఆడించండి. చప్పట్లు వద్దు, గాలి తగులుతుంది. కాలు తట్టొద్దు, నేల అదురుతుంది. నిద్రపోతున్నప్పుడు ఇంకోసారి చూడండి. ఒక చెవే వినబడని పిల్ల ఈ పరీక్షలో దొరకదు. అది ఇంట్లో పెంచుకోవడానికి అడ్డు కాదు గానీ, దాన్ని ఈతకి వాడకూడదు.

ప్రశ్న (హైదరాబాద్): రెండూ ఒకదానికొకటి తోడుంటాయని ఒకే ఈతలోవి జంటగా తెద్దామా?

జవాబు: వద్దండి. అవి ఒకదానికొకటి అతుక్కుపోయి మీ మాట చెవిన పెట్టవు, విడదీస్తే ఏడుస్తాయి, రెండూ ఆడవో రెండూ మగవో అయితే పెద్దయ్యాక కొట్లాడుకోవచ్చు. ఒకదాన్ని తెచ్చి, ఏడాది పెంచి, అప్పటికీ ఓపికుంటే రెండోది.

ప్రశ్న (వరంగల్): మా వీధిలో ఆగి ఉన్న కారు కింద ఊరకుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. మూడు వారాలై ఉంటుంది. ఒకటి తెచ్చుకుందామని ఉంది.

జవాబు: తెచ్చుకోండి, మన ఎండకి ఇంతకంటే నప్పే కుక్క లేదు. ఇప్పుడే కాదు. ఎనిమిదో వారం దాకా తల్లికి అన్నం, గుడ్డు, నీళ్ళు పెట్టండి. తల్లి బాగుంటే పిల్లలు బాగుంటాయి. రోజూ పది నిమిషాలు పిల్లల దగ్గర కూర్చుని మనిషి చెయ్యి అలవాటు చేయండి. మూడో వారం నుంచి మూడో నెల దాకా చూసినదాన్నే అవి జీవితాంతం మామూలుగా తీసుకుంటాయి.

ఒక జాగ్రత్త. వీధి పిల్ల పన్ను దిగినా, గోరు గీరి నెత్తురొచ్చినా చిన్నదే కదా అని ఊరుకోవద్దు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. కుక్కపిల్లలకీ రేబీస్ వస్తుంది. పాలు మాన్పించాక తల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని మున్సిపాలిటీలో అడగండి, లేకపోతే ఆర్నెల్లకి మళ్ళీ అదే కారు కింద ఇంకో ఐదు.

ప్రశ్న (నంద్యాల): పిల్లని ఎంచుకున్నాం, వచ్చే వారం హైదరాబాద్ నుంచి కారులో తెస్తాం. దారిలో, మొదటి రోజుల్లో ఏం చూసుకోవాలి?

జవాబు: బయల్దేరే ముందు మూడు గంటలు తిండి పెట్టవద్దనండి, కారులో కక్కుకుంటుంది. ముందే ఒక పాత గుడ్డ పంపి తల్లి కింద పరిపించండి. ఆ వాసన ఉన్న గుడ్డ మొదటి రాత్రి ఏడుపుని చాలావరకు తగ్గిస్తుంది. దారిలో దాబాల దగ్గర నేలమీద దించొద్దు. పార్వో మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, ఒక టీకా పడినంత మాత్రాన రక్షణ వచ్చినట్టు కాదు. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గేదాకా టీకా సరిగ్గా పట్టదు, అది తగ్గే రోజు ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తారు. రేబీస్ టీకా మూడు నెలలు నిండాక. ఒకటి రెండుసార్లు చాలించమని డబ్బు మిగిల్చే సలహా ఎవరైనా ఇస్తే వినకండి.

అక్కడ ఏం తింటోందో వారానికి సరిపడా అడిగి తెచ్చుకోండి. వారం పాటు అదే, రోజుకి నాలుగుసార్లు. తర్వాత మీ తిండి పావు వంతు చొప్పున కలుపుతూ మార్చండి. ఆవుపాలు, గేదెపాలు పోయకండి. విరేచనాలయ్యాక అది పాల వల్లో, జబ్బు వల్లో మీకూ తెలియదు, డాక్టరుకీ వెంటనే తేలదు.