గట్టి ఉక్కు పెచ్చులూడటం ఎందుకు?

ప్రశ్న: మేలురకం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినదనీ, రాక్‌వెల్ సి కొలతలో 61 కాఠిన్యం ఉందనీ చెప్పిన కత్తి ఒకటి కొన్నాను. పదును చాలాకాలం నిలుస్తోంది. కానీ అలుగు మీద సన్నని తుప్పు చుక్కలు వచ్చాయి, అంచు అక్కడక్కడ పెచ్చులూడింది, మామూలు సానరాయి మీద ఎంత రుద్దినా పదునెక్కడం లేదు. ఇంత గట్టి ఉక్కుకు ఇన్ని లోపాలా?

జవాబు: కాఠిన్యం అంకె ఒక్కటే ఉక్కు గుణాన్ని చెప్పదు. లోపల కార్బన్, క్రోమియం ఏ రూపంలో సర్దుకున్నాయో అదే అసలు సంగతి, మీ మూడు ఇబ్బందుల మూలం కూడా చాలావరకు అక్కడే ఉంది.

తుప్పును ఆపేది లోహంలో కరిగి ఉన్న క్రోమియం. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద కంటికి కనిపించనంత పలుచని పొరను ఏర్పరుస్తుంది. అయితే పదును నిలవడానికి కలిపిన కార్బన్ ఈ క్రోమియంలో కొంత భాగాన్ని లాక్కొని కార్బైడ్ అనే గట్టి కణాలుగా మారుతుంది, అలా చిక్కుపడిన క్రోమియం రక్షణకు అక్కరకు రాదు. డి2 ఉక్కులో సుమారు 12 శాతం క్రోమియం ఉన్నా దానిని పూర్తి స్టెయిన్‌లెస్‌గా పరిగణించకపోవడానికి కారణం ఇదే. 2021లో వచ్చిన మాగ్నాకట్ అనే ఉక్కులో క్రోమియం 10.7 శాతమే అయినా, అందులో క్రోమియం కార్బైడ్లు మిగలకుండా కూర్పును రూపొందించినందువల్ల, 14 శాతం ఉన్న ఎస్30వి ఉక్కు కంటే అది తుప్పును బాగా తట్టుకుంటుంది. వేడి చికిత్స పాత్ర కూడా తక్కువేమీ కాదు: గట్టిపరచిన అలుగును సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వద్ద టెంపరింగ్ (పెళుసుదనం తగ్గడానికి మళ్లీ వేడిచేయడం) చేస్తే కాఠిన్యం నిలుస్తుంది గానీ, అప్పుడు పుట్టే సన్నని కార్బైడ్లు కరిగి ఉన్న క్రోమియాన్ని మళ్లీ తగ్గిస్తాయి. తుప్పును తట్టుకోవాలంటే సుమారు 150 నుంచి 200 డిగ్రీల టెంపరింగే మేలని నా అభిప్రాయం.

పెచ్చులూడటం మరో సంగతి. కాఠిన్యం పెరిగేకొద్దీ ఉక్కు పెళుసుబారుతుంది, పెద్ద కార్బైడ్ కణాల దగ్గర పగుళ్లు మొదలవుతాయి. కరిగించి పోతపోసిన ఉక్కు నెమ్మదిగా చల్లారుతుంది గనుక ఆ కణాలు పెద్దవిగా పెరుగుతాయి. పొడి లోహ పద్ధతిలో కరిగిన ఉక్కును వాయుధారతో సన్నని తుంపరలుగా చేసి, క్షణాల్లో గడ్డకట్టిన ఆ పొడిని వేడితోనూ తీవ్రమైన ఒత్తిడితోనూ ఒకే దిమ్మగా కలుపుతారు. కణాలు చిన్నవిగా, సమంగా పరచుకోవడం వల్ల అదే కాఠిన్యం వద్ద అలుగు మరింత దెబ్బను ఓర్చుకుంటుంది.

సానరాయి పట్టడం లేదంటే మీ ఉక్కులో వెనేడియం అనే లోహం ఎక్కువగా ఉండవచ్చు. వెనేడియం కార్బైడ్ మామూలు సానరాళ్లలోని అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టిది. దానికి వజ్రపు పొడి పూసిన సానపలక వాడండి. పెచ్చులూడిన భాగం పూర్తిగా పోయేదాకా అరగదీసి, చివరి అంచును ఇదివరకటి కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ కోణంలో పెట్టండి. విద్యుత్ సానచక్రం మాత్రం వద్దు, పలుచని అంచు క్షణంలో వేడెక్కి కాఠిన్యాన్ని కోల్పోతుంది. తుప్పు చుక్కలను మెత్తని పాలిష్‌తో తొలగించి, ఉప్పు, పులుపు తగిలిన ప్రతిసారీ అలుగును వెంటనే కడిగి పొడిగా తుడవండి.