మెట్ల కింద గదిలో మాత్రం పెట్టొద్దు

అల్లుడూ,

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గాభరా. "తమ్ముడూ, వీడు ఇంట్లోనే బీరు కాస్తున్నాడట, దానికి పెద్ద ఫ్రీజర్ కొన్నాడట, గ్యాస్ సిలిండర్ తెస్తాడట, పోలీసులు పట్టుకోరా?" అని. చిన్నప్పుడు ఊళ్లో గుడుంబా బట్టీల మీద ఎక్సైజోళ్లు పడి కుండలు పగలగొట్టడం చూసిన మనిషి కదా, ఆమె భయం ఆమెది. 1978లో అమెరికా ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం గురించి చెప్పాను. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరో ఎక్కువో ఉంటే 200 గాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు, అమ్మకూడదు, అంతే అన్నాను. "200 గాలన్లంటే ఎంతరా?" అంది. 750 లీటర్ల పైమాటే అన్నాను. చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు పోలీసుల భయం పోయి నువ్వు తాగుబోతువవుతావన్న భయం పట్టుకుంది. నువ్వే సర్దుకో.

ఫోన్ పెట్టేశాక నాలో నేనే నవ్వుకున్నాను. మీ తాత నడుముకి మోకు చుట్టుకుని రోజూ పొద్దుటా సాయంత్రమూ తాళ్లెక్కి కల్లు దించి నన్నూ మీ అమ్మనీ చదివించాడు. ఆయన కొడుకు డెన్వర్ బేస్‌మెంట్‌లో బీరు కాచాడు. ఇప్పుడు మనవడు డాలస్‌లో స్టీలు కెగ్‌లు, అంటే బీరు పీపాలు, క్రోమ్ ట్యాప్‌లు పెడుతున్నాడు. ఆయన ఉంటే ఆ ట్యాప్ తిప్పి చూసి, "చెట్టెక్కే పని లేదా?" అని ఒక్క మాట అని ఊరుకునేవాడు. లోపల మాత్రం మురిసిపోయేవాడు.

ఇంతవరకు బాగానే ఉంది. నువ్వు గీసిన బొమ్మని మీ చెల్లెలు నాకు పంపింది. అందులో ఫ్రీజర్‌ని మెట్ల కింద గదిలో పెట్టావు. పక్కన బీరులో బుస ఎక్కించే కార్బన్ డయాక్సైడ్‌ది 20 పౌన్ల సిలిండర్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మామా, సరే మామా" అంటావు, ఇంకో పక్క టీవీ చూస్తుంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ముందు నీకు తెలిసిన సంగతులు త్వరగా కానిచ్చేస్తాను. ఫ్రీజర్ గోడలకి డ్రిల్ పెట్టొద్దు. లోపల ఎక్కడ ఫ్రీజర్‌ని చల్లబరిచే గ్యాస్ పైపు పోతుందో పైకి కనపడదు, ఒక్క రంధ్రంతో కొన్న ఫ్రీజర్ పాత సామాన్లోకి పోతుంది. మూత విప్పి, మూతకీ పెట్టెకీ మధ్యలో నాలుగు పలకలతో చెక్క చట్రం బిగించి, ట్యాప్‌లకి ఆ చెక్కలోనే బెజ్జాలు వెయ్యి. బీరు గడ్డకట్టకుండా ఫ్రీజర్‌ని ఆపే టెంపరేచర్ కంట్రోలర్ బయట ఉండాలి, చలిని కొలిచే దాని వైరు కొసని గాల్లో వేలాడదీయకుండా కెగ్ ఒంటికి అంటించు. లేకపోతే మూత తీసినప్పుడల్లా కంప్రెసర్ ఉలిక్కిపడి లేస్తుంది. పాత కెగ్ కొంటే రబ్బరు ఓ-రింగులన్నీ మార్చు, ముందు దాంట్లో ఏ కూల్‌డ్రింక్ పోశారో ఆ వాసన రబ్బరుకే పడుతుంది. 38 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గ్యాస్ ప్రెషర్ 10 నుంచి 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి అన్ని పౌన్లు) పెట్టి రెండు వారాలు దాన్ని ముట్టుకోకు. మా డెన్వర్ ఎత్తుకి ఇంకో రెండు పాయింట్లు కలపాలి, మీకా గొడవ లేదు. నురుగు ఎక్కువొస్తే చాలామంది ప్రెషర్ తగ్గిస్తారు, అది తప్పు. కెగ్ నుంచి ట్యాప్‌కి పోయే ట్యూబు పొడవు చూడు. లోపలి వెడల్పు అంగుళంలో పదహారింట మూడు వంతులు ఉన్న ట్యూబు పదడుగులైనా ఉండాలి, చుట్ట చుట్టి కెగ్ మీద పెట్టు. రెండు వారాలకోసారి ఆ ట్యూబులు కడుగు. కడగడం బద్ధకమైతే సీసాల్లో నింపుకో, ఇదంతా ఎందుకు?

ఇక అసలు సంగతి.

2009లో నేను సిలిండర్ మార్పించుకొచ్చాను. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవడమే కదా, అయిదు నిమిషాల పని. రెగ్యులేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఒక వాషర్ ఉంటుంది. తెల్లగా, రూపాయి బిళ్లంత. దాని ఖరీదు పావు డాలర్. పాతది పాత సిలిండర్ మూతికి అతుక్కుని దాంతోపాటు దుకాణానికి పోయింది. నేను చూసుకోలేదు. రెగ్యులేటర్ పెట్టి పానాతో బిగించాను. కాస్త సుయ్యిమంటే ఇంకా బలంగా బిగించాను. మగాడి తెలివి అంతే కదా, ఏది కారుతున్నా బలం పెడితే ఆగుతుందనుకుంటాడు. చప్పుడు తగ్గింది. అప్పుడే కంప్రెసర్ మోగడం మొదలైంది, ఆ మోతలో ఇంకేం వినపడలేదు. సిలిండర్‌ని ఫ్రీజర్ లోపలే, మూల గట్టు మీద నిలబెట్టి మూత వేసి పైకొచ్చి పడుకున్నాను.

పొద్దున దిగి, ఖాళీ అయిన కెగ్ పక్కన నిండు కెగ్ ఇరుక్కుపోయిందని రెండు చేతులూ లోపలికి పెట్టి వంగాను. నిండు కెగ్ అంటే 23 కిలోలు. బరువెత్తే ముందు మనిషి ఏం చేస్తాడు? నిండా ఊపిరి పీలుస్తాడు. నేనూ పీల్చాను. సోడా ముక్కులోకి ఎక్కినట్టు భగ్గుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గబోయి మళ్లీ పీల్చాను, మళ్లీ అదే గాలి. మోకాళ్లలో బలం లేదు, గుండె మాత్రం చెవుల్లో కొట్టుకుంటోంది. ఫ్రీజర్ అంచు పట్టుకుని వెనక్కి వాలి కింద కూలబడ్డాను. మీ అత్తమ్మ చెత్తబుట్ట బయట పెట్టావా అని అడగడానికి మెట్లు దిగింది. నా ముఖం చూసి ఒక్క మాట అడగకుండా చొక్కా పట్టుకుని పైకి లాక్కెళ్లింది. వాకిట్లో మంచులో కూర్చోబెట్టింది. ఆ రోజు ఏమీ అనలేదు. నెల రోజుల తర్వాత పప్పులో ఉప్పు ఎక్కువైందని నేనన్నప్పుడు మొత్తం తిట్టింది.

మంచులో కూర్చుని నాకు గుర్తొచ్చింది మన ఊరి బావి.

మీ అమ్మ నీకు చెప్పి ఉండదు, ఆమె దాని ఊసే ఎత్తదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఎండాకాలం, చెలకలో చాన్నాళ్లుగా వాడని బావిలో పూడిక తీద్దామని ఒకాయన దిగాడు. కొంచెంసేపటికి పిలిస్తే పలకలేదు. ఆయన తమ్ముడు ఆగలేక దిగాడు. అతనూ పలకలేదు. జనం గట్టు మీద గుండెలు బాదుకుంటుంటే మా నాయిన చెట్టు మీద నుంచి చూసి పరుగెత్తుకొచ్చాడు. మూడో మనిషి దిగబోతుంటే చెంప మీద కొట్టి ఆపాడు. కందిలి తాడుకి కట్టి దించాడు. సగం లోతులో దీపం ఆరిపోయింది. అప్పుడు మోకుకి కొక్కెం కట్టి పైనుంచే ఇద్దర్నీ లాగాడు. తమ్ముడు బతికాడు. అన్న బతకలేదు. ఆ మోకుతో నాయిన మళ్లీ చెట్టెక్కలేదు, కొత్తది పేనుకున్నాడు.

నీ చెస్ట్ ఫ్రీజర్ కూడా బావేరా. పైకి తెరుచుకునే మూత, నాలుగు పక్కలా గోడలు. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, కారిందంటే అడుగున చేరి నిండుకుంటూ వస్తుంది. మామూలు ఫ్రిజ్ తలుపు తెరిస్తే కిందకి జారి పోతుంది, దీంట్లోంచి పోదు. నువ్వు మూత తీసినా కదలదు, నీ కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

నువ్వు ఇంజనీరువి, నా ఏడుపు నమ్మవు, లెక్క నమ్ముతావు. 5 పౌన్ల సిలిండర్ మొత్తం కారిపోతే వచ్చే గ్యాస్ సుమారు 44 ఘనపుటడుగులు. నీ 7 ఘనపుటడుగుల ఫ్రీజర్‌ని ఆరుసార్లు నింపుతుంది. పది అడుగుల పొడవు, పది వెడల్పు, ఎనిమిది ఎత్తున్న మూసిన గదిలో వదిలితే గాల్లో అయిదున్నర శాతం. ఈ దేశంలో ఎనిమిది గంటల పనికి అనుమతించేది అర శాతం. నాలుగు శాతం దగ్గర ప్రాణాపాయం అని రాసి ఉంటుంది. నువ్వు తేబోయేది 20 పౌన్లది, నీ మెట్ల కింద గది అందులో సగం కూడా ఉండదు. మిగతా లెక్క నువ్వే వేసుకో. ఆ గది తలుపు చిన్నదాని ఆటబొమ్మల గదిలోకి తెరుచుకుంటుందని కూడా బొమ్మలో నువ్వే గీశావు.

అందుకని గరాజ్‌లో పెట్టు. మీ దగ్గర ఎండలకి కరెంటు బిల్లు పెరుగుతుంది, పెరగనీ. 5 పౌన్ల సిలిండర్ చాలు, అయిదారు కెగ్‌లకి వస్తుంది. దాన్ని ఫ్రీజర్ బయట, నీడన, గోడకి గొలుసేసి నిలబెట్టు. చెక్క చట్రంలోంచి గ్యాస్ ట్యూబు లోపలికి పోనీ. పడుకోబెట్టొద్దు. నింపించుకుని వచ్చేటప్పుడు ఎండలో కారులో వదిలి ఇండియన్ స్టోర్‌లోకి పోవద్దు, నీ సంగతి నాకు తెలుసు, పది నిమిషాలని గంట చేస్తావు.

సిలిండర్ మార్చిన ప్రతిసారీ కొత్త వాషర్. దారానికి తెల్ల టేపు చుట్టడం లాంటివి అక్కడ పనిచెయ్యవు, పట్టేది వాషరే. కొన్ని రెగ్యులేటర్ల కొసన ఓ-రింగ్ ముందే బిగించి ఉంటుంది, నీది అలాంటిదైతే వేరే వాషర్ అక్కర్లేదు, విప్పి కళ్లతో చూడు. తర్వాత సబ్బునీళ్లు ప్రతి కీలు మీదా చల్లు, బుడగ వస్తే కారుతున్నట్టే. అది అయ్యాక సిలిండర్ వాల్వు మూసి రాత్రంతా వదిలెయ్యి, పొద్దున రెగ్యులేటర్ మీటర్లో ముల్లు పడిపోయి ఉంటే ఎక్కడో పోతోంది. వాల్వు తెరిచి ఉన్నప్పుడు మాత్రం సిలిండర్ ప్రెషర్ చూపించే ముల్లుని నమ్మకు. లోపల ద్రవం ఉన్నంతసేపు అది కదలదు, చివర్లో ఒక్కసారి పడిపోతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వెయ్యి, ఖాళీ బరువు మెడ మీద కొట్టి ఉంటుంది.

గోడకి మోకాలి ఎత్తున కార్బన్ డయాక్సైడ్ అలారం పెట్టు. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం దీన్ని పట్టవు, పేరు చదివి కొను. తాతలాగా దీపం దించి చూస్తానంటావేమో, వద్దు. దీపం ఆరేలోపే మనిషి ఆరిపోయేంత గ్యాస్ ఉండొచ్చని నాకు తర్వాత తెలిసింది. నాయినకి అంతకంటే సాధనం లేదు, నీకు ఉంది. మూత తీశాక రెండు నిమిషాలు చిన్న ఫ్యాన్ లోపలికి తిప్పు. తల ఫ్రీజర్ అంచు దాటి లోపలికి వంచొద్దు. నడుము నొప్పి ఉన్నా లేకపోయినా, కెగ్ ఎత్తేటప్పుడు ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఉండాలి. మూతకి తాళం, ట్యాప్‌లకి తాళం. చిన్నదానికి నాలుగేళ్లు, స్టూలు లాక్కునే వయసు.

తిట్టాననుకోకు. తిట్టాను, నిజమే. నీ మొదటి కెగ్ పోర్టర్ అనే నల్ల బీరు అని విన్నాను. డాక్టర్ నాకు వారానికి ఒక్క గ్లాసే అన్నాడు, నేను మూడు వారాలుగా మానేసి దాచుకుంటున్నాను. థ్యాంక్స్‌గివింగ్‌కి అత్తమ్మా నేనూ కారులో వస్తున్నాం. మీ అమ్మకి వీడియో కాల్‌లో చూపిద్దాం, కానీ మొదటి గ్లాసు నురుగు పోయాక చూపించు, లేకపోతే గ్లాసు నిండా ఉందనుకుంటుంది.

ఈ కవరులో ఆరు వాషర్లు పెట్టాను. రెండు సిలిండర్ మెడకి దారంతో కట్టు, మిగతావి వంటింట్లో పసుపు డబ్బా పక్కన. మెట్ల కింద గదిలో చిన్నదాని సైకిల్ పెట్టు.

మీ మామ