పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: కచేరీల కంపెనీ లెక్కలు చదవడం ఎలా?

ప్రపంచంలోనే అతి పెద్ద కచేరీల నిర్వహణ సంస్థ లైవ్ నేషన్ ఎంటర్‌టైన్‌మెంట్ ఆదాయ వ్యయాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. అమెరికాలోని బెవర్లీ హిల్స్ కేంద్రంగా నడిచే ఈ కంపెనీ 2005 చివరలో మీడియా సంస్థ క్లియర్ చానల్ నుంచి విడిపడి, 2010లో టికెట్లు అమ్మే సంస్థ టికెట్ మాస్టర్‌ను తనలో కలుపుకొంది. వేరే సంవత్సరం చెప్పని చోట అంకెలు 2024వి. నివేదికలలో బిలియన్లలో ఉన్న మొత్తాలను కోట్లలోకి మార్చాము. ఒక బిలియన్ అంటే వంద కోట్లు.

ప్రశ్న: లైవ్ నేషన్ మొత్తం ఆదాయం సుమారు 2,316 కోట్ల డాలర్లని, అందులో నూటికి ఎనభై రెండు వంతులు కచేరీలదేనని చదివాను. అయినా ఈ కంపెనీకి అసలు లాభం కచేరీల వల్ల రాదని మా అధ్యాపకులు అన్నారు. ఇది ఎలా సాధ్యం?
– బి.కాం. విద్యార్థిని, విజయవాడ

జవాబు: మీ అధ్యాపకులు చెప్పినది నిజమే. కంపెనీ తన వ్యాపారాన్ని కచేరీలు, టికెట్ల అమ్మకం, స్పాన్సర్‌షిప్‌లు అనే మూడు విభాగాలుగా చూపుతుంది. కచేరీల విభాగం దాదాపు 1,900 కోట్ల డాలర్ల ఆదాయం తెచ్చి, దానిమీద సుమారు 53 కోట్ల డాలర్ల సర్దుబాటు లాభం (కొన్ని ఖర్చులను లెక్కించకుండా కంపెనీ చూపే లాభం, వివరం తరువాతి జవాబులో) మాత్రమే మిగిల్చింది. అంటే వంద డాలర్లకు మూడు డాలర్లు కూడా లేదు. టికెట్ల విభాగం 300 కోట్లకు కాస్త తక్కువ ఆదాయంమీద 112 కోట్లు మిగిల్చింది. అన్నింటికన్నా చిన్నదైన స్పాన్సర్‌షిప్ విభాగం 120 కోట్ల ఆదాయంమీద 76 కోట్లు మిగిల్చింది. ఆ ఏడాది కంపెనీ కచేరీలకు దాదాపు 15.1 కోట్ల మంది వచ్చారు కనుక, భాగించి చూస్తే కచేరీల విభాగానికి ఒక్కో ప్రేక్షకుడి వల్ల నూట ఇరవై ఆరు డాలర్ల ఆదాయం వచ్చినా, మిగిలినది మూడున్నర డాలర్లే.

ఇందులో కొంత తేడా వ్యాపారానిది కాదు, లెక్క రాసే పద్ధతిది. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే తప్పక రాయవలసిన విషయం ఇదే. కచేరీని స్వయంగా నిర్వహిస్తున్నప్పుడు కంపెనీయే అసలు అమ్మకందారు కాబట్టి, టికెట్ పూర్తి ధరను ఆదాయంగా రాసి, కళాకారులకు ఇచ్చే పారితోషికాన్ని ఖర్చుగా చూపుతుంది. పేరున్న గాయకులతో కుదిరే ఒప్పందాలలో ఖర్చులు పోగా మిగిలినదానిలో నూటికి ఎనభై అయిదు, తొంభై వంతుల దాకా గాయకులకే వెళ్లడం ఈ రంగంలో మామూలు. టికెట్ల విభాగం మాత్రం ఇతరుల తరఫున అమ్మే ఏజెంటు. అది టికెట్ ధరనుగానీ, రుసుములో వేదిక యజమాని వాటానుగానీ తన ఆదాయంలో కలపదు, తనకు మిగిలే భాగాన్నే చూపుతుంది. అందువల్ల కచేరీల ఆదాయం ఉన్నదానికన్నా భారీగా, టికెట్ల ఆదాయం ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తాయి. ఈ రెండు విభాగాల లాభాల శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడం కన్నా, మిగిలిన డాలర్లనే పోల్చడం మేలు.

అలా పోల్చినా తీర్పు మారదు. విభాగాల లాభంలో నాలుగింట మూడు వంతులకు పైగా టికెట్లదీ స్పాన్సర్లదీ. అయితే కచేరీలను మానేసి మిగిలిన రెండూ ఉంచుకుందామంటే కుదరదు. ఊరి తిరునాళ్లలో ఉత్సవం ఖర్చులకే సరిపోయినా, జనం వస్తారన్న నమ్మకంతోనే దుకాణాల స్థలాల వేలం పాట పెరుగుతుంది, ఇక్కడా అంతే. ఏడాదికి యాభై వేలకు పైగా కార్యక్రమాలు జరగడం వల్లనే అమ్మడానికి టికెట్లు, స్పాన్సర్లకు చూపించడానికి జనం ఉన్నారు. కచేరీల విభాగంలో కాస్త నిలకడగా మిగిలేది కంపెనీ సొంతంగానో లీజుకో నడిపే ఆరుబయలు రంగస్థలాలలో తిండి, పానీయాలు, పార్కింగ్ మీద వచ్చే డబ్బు. ప్రేక్షకుడు అక్కడ సగటున నలభై డాలర్లకు పైగా ఖర్చు చేస్తున్నాడని కంపెనీయే చెబుతుంది. ఆ డబ్బులో కళాకారుడి వాటా టికెట్ డబ్బులో ఉన్నంత ఉండదు కనుకనే కంపెనీ కొత్త వేదికలమీద అంత పెట్టుబడి పెడుతోంది.

ప్రశ్న: కంపెనీ 215 కోట్ల డాలర్ల సర్దుబాటు నిర్వహణ లాభం ప్రకటించింది. అదే నివేదికలో నిర్వహణ లాభం 82.5 కోట్లు, నికర లాభం దాదాపు 90 కోట్లు అని ఉంది. నికర లాభం నిర్వహణ లాభాన్ని మించడం ఏమిటి? వీటిలో దేన్ని నమ్మాలి?
– సి.ఎ. చదువుతున్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు తేలికైన సంగతి. నికర లాభం పెద్దదిగా కనిపించడానికి కారణం పన్ను. పాత సంవత్సరాల నష్టాల వల్ల రాగల పన్ను ప్రయోజనం నిజంగా అందుతుందో లేదోనన్న అనుమానంతో దాన్ని కంపెనీ లెక్కలోకి తీసుకోకుండా ఉంచింది. లాభాలు స్థిరపడ్డాయన్న అంచనాతో 2024లో అందులో పెద్ద భాగాన్ని ఒక్కసారిగా లెక్కలోకి తెచ్చుకుంది. ఇది ఏటా జరిగేది కాదు కాబట్టి, ఆ 90 కోట్లను చూసి వచ్చే ఏడాదికి అంచనా వేయడం పొరపాటు.

సర్దుబాటు నిర్వహణ లాభం గురించి కాస్త వివరంగా చెప్పాలి. తరుగుదల, ఉద్యోగులకు ఇచ్చే షేర్ల విలువ, కంపెనీల కొనుగోలుకు సంబంధించిన ఖర్చులు వంటివాటిని ఇందులో లెక్కించరు. వీటిలో కొన్నింటిని తీసేయడానికి న్యాయమైన కారణం ఉంది. కానీ టికెట్ మాస్టర్ తమ దగ్గరే టికెట్లు అమ్మించుకోవాలని వేదికల యజమానులకు ముందుగా ఇచ్చే, తిరిగి రాబట్టుకోలేని అడ్వాన్సులను ఏళ్లమీద పంచి రాసే ఖర్చును కూడా ఈ లెక్కలోంచి తొలగిస్తున్నారు. మా దృష్టిలో ఇది ఒప్పుకోదగినది కాదు. ఆ డబ్బు ఇవ్వకపోతే ఆ వేదికల టికెట్లు అమ్ముకునే హక్కే ఉండదు. అలాంటిది వ్యాపారం నడపడానికయ్యే మామూలు ఖర్చు కాక మరేమిటి? అలాగే, 2021 నవంబరులో హ్యూస్టన్‌లోని ఆస్ట్రోవరల్డ్ ఉత్సవంలో తొక్కిసలాట జరిగి పది మంది మరణించిన ఘటనపై వచ్చిన దావాల పరిష్కారానికి పక్కన పెట్టిన సొమ్ము కూడా ఈ సర్దుబాటులో బయటికి పోయింది.

దీని ఫలితం చూడండి. 2023 నుంచి 2024కు సర్దుబాటు లాభం సుమారు 186 కోట్ల నుంచి 215 కోట్లకు పెరిగింది. అదే కాలంలో మామూలు నిర్వహణ లాభం 107 కోట్ల నుంచి 82.5 కోట్లకు తగ్గింది. ఒకే సంస్థ, ఒకే సంవత్సరం, రెండు అంకెలు రెండు దిక్కులకు నడిచాయి. విభాగాల మధ్య పోలికకు సర్దుబాటు లాభాన్ని వాడుకోవచ్చు, ఈ జవాబులలో మేమూ వాడాము. కంపెనీ మొత్తంగా ఎలా ఉందో తెలుసుకోవడానికి మాత్రం నిర్వహణ లాభం నుంచి మొదలుపెట్టి, రెండింటి మధ్య తేడాను వివరించే పట్టికను వరుస వెంట వరుస చదవాలి.

ప్రశ్న: జనవరి–మార్చి త్రైమాసికంలో ఈ కంపెనీకి నష్టం వచ్చిందని వార్త చూసి ఆందోళన కలిగింది. పరిస్థితి దిగజారుతోందా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: అక్కరలేని ఆందోళన. ఉత్తర అమెరికా, ఐరోపాలలో ఆరుబయలు కచేరీలు ఎక్కువగా వేసవిలోనే జరుగుతాయి కనుక, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే రెండు త్రైమాసికాలే బలమైనవి. మిగిలిన రెండింటిలో నష్టం రావడం కొత్త కాదు. నిరుటి అదే త్రైమాసికంతో పోల్చండి, అంతకుముందు త్రైమాసికంతో కాదు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. పిల్లల కోసం కచేరీ టికెట్లు కొన్నప్పుడల్లా అసలు ధరమీద రుసుములు చూసి గుండె జారిపోతుంది. ఆ డబ్బంతా టికెట్ మాస్టర్‌కేనా?
– పాఠకురాలు, టెక్సస్

జవాబు: అంతా కాదు. సేవా రుసుములో పెద్ద వాటా చాలా సందర్భాలలో వేదికకు వెళుతుంది. ఎంత రుసుము వేయాలన్నది కూడా వేదికతో కుదిరిన ఒప్పందాన్ని బట్టే ఉంటుంది. తిట్లు మాత్రం టికెట్ అమ్మినవారికే తగులుతాయి, అందుకు తగిన ప్రతిఫలం కూడా వారికి ముడుతుంది. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2018లో పరిశీలించినప్పుడు, నేరుగా అమ్మే టికెట్లమీద రుసుములు సగటున టికెట్ ధరలో 27 శాతం, తిరిగి అమ్మే టికెట్లమీద 31 శాతం ఉన్నాయని తేలింది. మీరు కట్టేది ఆ సగటుకు దగ్గరగా ఉందేమో చూసుకోండి. 2025 మే నుంచి అమలులోకి వచ్చిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరనే మొదటినుంచీ చూపాలి. ఆ నిబంధన ధరను చివరి పేజీ దాకా దాచడాన్ని ఆపింది, తగ్గించమని చెప్పలేదు.

ప్రశ్న: కరోనా కాలంలో కచేరీలన్నీ ఆగిపోయినా ఈ కంపెనీ మూతపడకుండా ఎలా నిలబడింది?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, గుంటూరు

జవాబు: 2019లో 1,155 కోట్ల డాలర్లున్న ఆదాయం 2020లో 186 కోట్లకు పడిపోయింది, నికర నష్టం 172 కోట్లకు చేరింది. అయినా నిలబడడానికి ఒక కారణం, ఖర్చులలో అత్యధిక భాగం కచేరీ జరిగితేనే అయ్యేది కావడం. గాయకుడు పాడకపోతే పారితోషికం ఉండదు. మిగిలిన జీతాలు, అద్దెల కోసం సిబ్బందిని తగ్గించి, బాండ్ల ద్వారా భారీగా అప్పు తెచ్చారు.

బ్యాంకులో పనిచేసినవారు కనుక మీకు ఇంకొక సంగతి ఆసక్తిగా ఉంటుంది. టికెట్ డబ్బు నెలల ముందే చేతికి వస్తుంది, కచేరీ జరిగే రోజు దాకా అది ఆస్తి అప్పుల పట్టీలో ముందుగా వచ్చిన ఆదాయంగా బాధ్యతల వైపు ఉంటుంది. మంచి రోజుల్లో ఇది వడ్డీ లేని అప్పు. 2020లో ప్రేక్షకులు అందరూ ఒక్కసారే డబ్బు వెనక్కి అడిగితే ఏమయ్యేదో ఊహించవచ్చు. చాలా కచేరీలను రద్దు చేయక వాయిదా వేయడంవల్ల, టికెట్లు ఉంచుకోవడానికి ఎక్కువ మంది ఇష్టపడడంవల్ల ఆ ఒత్తిడి కొంత తగ్గింది. 2024 చివరికి కంపెనీ వద్ద 600 కోట్ల డాలర్లకు పైగా నగదు కనిపిస్తుంది. అందులో వేదికలకు చెల్లించవలసిన టికెట్ల సొమ్ము, ఇంకా జరగని కచేరీల సొమ్ము కూడా కలిసి ఉన్నాయి. కాబట్టి ఆ అంకెను చూసి కంపెనీ డబ్బులో తేలుతోందని అనుకోకూడదు. ఇలా ఇతరులకు చెందిన సొమ్ము పోగా మిగిలేదాన్ని కంపెనీ విడిగా స్వేచ్ఛా నగదుగా ప్రకటిస్తుంది; ఆ అంకె చాలా చిన్నది, నమ్మదగినది అదే.

ప్రశ్న: 2025 ఫిబ్రవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో జరిగిన ఎడ్ షీరన్ కచేరీ లైవ్ నేషన్‌దేనా?
– పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కాదు. ఆ పర్యటనను ఈ కంపెనీకి ప్రధాన పోటీదారైన ఏఈజీ ప్రెజెంట్స్, బుక్‌మైషోతో కలిసి నిర్వహించింది. మన దేశంలోనూ టికెట్లు అమ్మేవారే కచేరీలు నిర్వహించే పద్ధతి బలపడుతోందని గమనించండి: బుక్‌మైషో ఆ రెండు పనులూ చేస్తోంది. 2024 ఆగస్టులో జొమాటో 2,048 కోట్ల రూపాయలకు పేటీఎం టికెట్ల వ్యాపారాన్ని కొన్నది కూడా ఈ రంగంమీద ఆశతోనే.

ప్రశ్న: అమెరికా ప్రభుత్వం టికెట్ మాస్టర్‌ను విడదీయాలని దావా వేసింది కదా, అలా జరిగితే మిగిలిన కంపెనీ లెక్కలు ఎలా ఉంటాయి?
– వాటాదారు, విశాఖపట్నం

జవాబు: 2010లో విలీనానికి న్యాయశాఖ షరతులతోనే అనుమతి ఇచ్చింది. 2022 నవంబరులో టేలర్ స్విఫ్ట్ పర్యటన టికెట్ల అమ్మకంలో వెబ్‌సైటు కుప్పకూలిన తరువాత ఆగ్రహం సెనేట్ కమిటీ విచారణ దాకా వెళ్లింది. ఇందులో ఒక విడ్డూరం ఉంది: ఆ పర్యటనను నిర్వహించినది లైవ్ నేషన్ కాదు, పోటీదారు ఏఈజీ, అయినా చాలా స్టేడియంలు టికెట్ మాస్టర్‌తో ఒప్పందంలో ఉండడంవల్ల టికెట్లు అక్కడే అమ్మవలసి వచ్చింది. 2024 మేలో న్యాయశాఖ, పలు రాష్ట్రాలు కలిసి వేసిన దావాలో, పెద్ద కచేరీ వేదికల తొలి టికెట్ల అమ్మకంలో నూటికి ఎనభై వంతులో అంతకన్నా ఎక్కువో టికెట్ మాస్టర్ చేతిలోనే ఉందని ఆరోపించారు. కంపెనీ ఆ ఆరోపణలను ఖండించి, తన కచేరీల లాభం ఎంత పలచనో చూపి, ఇంత తక్కువ మిగిలే సంస్థను గుత్తాధిపతి అని ఎలా అంటారని వాదించింది.

ఆ వాదనను మొదటి జవాబులోని అంకెల పక్కన పెట్టి చదవండి. కచేరీల విభాగం పలచన లాభం నిజమే. అయితే కచేరీల బలం వల్ల టికెట్ల ఒప్పందాలు, వాటి డబ్బు వల్ల మళ్లీ కళాకారులకు పెద్ద హామీలు ఇచ్చే స్తోమత వస్తున్నాయన్నదే ప్రభుత్వ వాదన. విడదీస్తే, 112 కోట్ల డాలర్ల టికెట్ల లాభం వేరే కంపెనీకి వెళుతుంది. మిగిలిన సంస్థకు స్పాన్సర్‌షిప్‌ల 76 కోట్లు, కచేరీల 53 కోట్లు ఉంటాయి. వాటిలోంచి ప్రధాన కార్యాలయం ఖర్చులూ, పంపకంలో తన వంతుకు వచ్చిన అప్పుమీద వడ్డీలూ కట్టాలి. టికెట్ వ్యాపారం అండ లేనప్పుడు గాయకులకు ఇప్పటిలా పెద్ద హామీలు ఇవ్వడం కష్టమవుతుంది, లేదా ఆ భారం టికెట్ ధరలోనే పడుతుంది. విడిపోయిన టికెట్ల సంస్థకు కూడా ఒప్పందాలు గడువు తీరిన కొద్దీ పోటీ ఎదురవుతుంది, వేదికలు అడిగే అడ్వాన్సులు పెరుగుతాయి. అప్పుడు సర్దుబాటు లాభంలోంచి ఆ అడ్వాన్సుల ఖర్చును తీసివేయడం ఎంత అసమంజసమో మరింత స్పష్టంగా బయటపడుతుంది. వాటాదారుగా మీరు గమనించవలసిన వరుస అదే.