కాగితం ముట్టుకోవడం లేదంటే

మాస్టారూ, మనసులోది బొమ్మల్లో చెప్పుకోవడానికి మీరు నడిపే తరగతిలో, బరంపురం జైలు నుంచి విడుదలైనవాళ్లు బొమ్మ వేయమంటే చేతులు కట్టుకుని కూర్చుంటున్నారని రాశారు. మొండితనం అనుకోకండి. వాళ్లకు తెల్లకాగితం, పెన్ను కనబడితే వాంగ్మూలం, వేలిముద్ర గుర్తొస్తాయి. ముందు ఆ రెండూ బల్ల మీద నుంచి తీసేయండి. తడిపిన బంకమట్టి ఇవ్వండి. చేసింది నచ్చకపోతే పిసికి మళ్లీ ముద్ద చేసుకోవచ్చు, ఆనవాలు మిగలదు. రాయగడ వైపు సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు వేయిద్దామన్న మీ ఆలోచన బాగానే ఉంది గానీ, అవి వాళ్ల పూజకు సంబంధించినవి. సవరలే పూనుకుంటే తప్ప వద్దు.

హాజరు పట్టీ పట్టుకుని పేర్లు పిలవడం మానేయండి, జైల్లో రోజూ విన్నది అదే. బొమ్మకు అర్థం మీరు చెప్పకండి. ఒడియానో తెలుగో, వాళ్లు మొదలుపెట్టిన భాషలోనే మాట్లాడండి. బొమ్మలు వేసినవారి అనుమతి లేకుండా ఎవరికీ చూపనని, ప్రాణహాని మాట వస్తే మాత్రం దాచలేనని మొదటి రోజే చెప్పేయండి.